కార్నర్‌లో నిలబడే పోరడు

కోదాడలో అయినా, మిర్యాలగూడలో అయినా కబడ్డీ మ్యాచ్ ముగించి ఈల జేబులో వేసుకోగానే ఎవరో ఒక తండ్రి మెల్లగా పక్కకొచ్చి నిలబడతాడు. "మావోడు ఎట్లాడిండు సార్?" అంటాడు. అడగాలనుకున్నది అది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కాసేపాగి అసలు మాట బయటపెడతాడు. "టీవీల ఆడేదాంక పోతడా?"

బోనస్ గీత దాటి కాలు పడిందా, వెనక కాలు లేచిందా, కూత మధ్యలో తెగిందా అని చూడటం రెఫరీ పని. పిల్లల జాతకం చూడటం మా పని కాదు. అయినా పొలం పని మానుకుని వచ్చిన మనిషికి ఏదో ఒకటి చెప్పకుండా పంపలేం. అట్లా చెప్పీ చెప్పీ నాకు ఒక లెక్క కుదిరింది, ఒక అభిప్రాయం కూడా గట్టిపడింది.

లెక్క ముందు చెబుతాను. ప్రో కబడ్డీ లీగ్ 2014లో ఎనిమిది జట్లతో మొదలైంది, 2017 నుంచి పన్నెండు జట్లు ఆడుతున్నాయి. ఒక్కో జట్టు 18 నుంచి 25 మందిని పెట్టుకోవచ్చు. అందరూ నిండా తీసుకున్నా దేశం మొత్తానికి 300 చోట్లు. అందులో ఇరాన్ వాళ్లూ ఇతర దేశాల వాళ్లూ పోను, పాత జట్లే అట్టిపెట్టుకున్నవాళ్లు పోను, కొత్త పిల్లలకు మిగిలేవి కొన్నే. మ్యాచ్ రోజున బరిలో ఏడుగురు, బయట ఐదుగురు. మిగతావాళ్లు జెర్సీ తొడుక్కుని చప్పట్లు కొడతారు. వేలంలో అన్నిటికంటే కింది తరగతి డి. దాని కనీస ధర ఈమధ్య సీజన్లలో తొమ్మిది లక్షలు. వేలంతో పని లేని దారి ఇంకొకటుంది. లీగ్‌లో అంతకుముందు ఆడని కుర్రాళ్లను జట్లే వెతికి పట్టుకుని 'న్యూ యంగ్ ప్లేయర్' పేరుతో ఒప్పందం రాసుకుంటాయి. మన పిల్లలకు తలుపంటూ ఉంటే అదే. పుణేరి పల్టన్ ఇట్లా దొరికిన కుర్రాళ్లనే పెంచుకుంది. అస్లాం ఇనాందార్ కెప్టెన్సీలో 2024 మార్చిలో మన గచ్చిబౌలిలోనే కప్పు ఎత్తింది.

ఆ వెతికేవాళ్ల కళ్లు ఎక్కువగా జాతీయ జూనియర్ పోటీల మీద ఉంటాయి. సూర్యాపేటకు ఆ పోటీలు వచ్చాయి కూడా. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ ఇక్కడే జరిగింది. మొదటిరోజు సాయంత్రం గ్యాలరీ కూలి వంద మంది దాకా దెబ్బలు తగిలించుకున్నారు. ఊళ్లో ఇప్పటికీ ఆ పోటీల మాట వస్తే గ్యాలరీ సంగతే చెప్పుకుంటారు గానీ బరిలో ఎవరు ఎట్లా ఆడారన్నది ఎవరికీ గుర్తులేదు. అంత జనం వచ్చింది కబడ్డీ కోసమేనన్నది మాత్రం నిజం.

అక్కడిదాకా పోవాలంటే ముందు జిల్లా జట్టు, తర్వాత రాష్ట్ర జట్టు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక కోదాడ పిల్లవాడు సూర్యాపేటకు ఆడుతున్నాడు, మిర్యాలగూడ పిల్లవాడు నల్లగొండకే ఉన్నాడు. ఒకప్పుడు వీళ్లిద్దరూ ఒకే పన్నెండు మందిలో చోటు కోసం కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు జిల్లా జట్టులోకి రావడం తేలికైంది. రాష్ట్ర జట్టు మాత్రం అప్పుడూ పన్నెండు మందే, ఇప్పుడూ పన్నెండు మందే. 33 జిల్లాలు జిల్లాకు పన్నెండు మంది చొప్పున దిగితే 396 మంది. జిల్లా సర్టిఫికెట్ చూసి సంబరపడే తండ్రులకు ఈ అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటాను.

జూనియర్ బాలురకు వయసు ఇరవై మించకూడదు, బరువుకూ ఒక పరిమితి ఉంటుంది. తూకం రోజున పిల్లలు ఎర్రటి ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకుని ఉరుకుతుంటారు, నీళ్లు ముట్టరు. తూకంలో నెగ్గి మధ్యాహ్నానికి కాళ్లు తిమ్మిరెక్కి కూర్చుంటారు. ఇంట్లో తూకం మిషన్ ఉండి నెల ముందు నుంచి చూసుకుంటే ఈ బాధ ఉండదు. మట్టి, మ్యాట్ తేడా ఇంకొకటి. సాగర్ ఎడమ కాల్వ కింద వరి కోశాక చదును చేసిన మళ్లలో ఆడిన పిల్లవాడు ఒట్టి కాళ్లతో జారుతూ తిరగడం నేర్చుకుంటాడు. మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది, ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, మోకాలు పోతుంది. ఇది సెలక్షన్ రోజున తెలుసుకోవాల్సిన విషయం కాదు.

ఇక నా అభిప్రాయం. మన దగ్గర ప్రతి పిల్లవాడూ కూతకు పోవాలనే అనుకుంటాడు. అనుకోడా మరి? పేరు మైకులో వచ్చేది వాడిదే, ఈలలు వాడికే, చివర్లో 'బెస్ట్ రైడర్' కప్పూ వాడికే. కార్నర్‌లో నిలబడి ముప్పై సెకన్లపాటు ఎదుటివాడి మడమ మీద నుంచి చూపు తిప్పని పిల్లవాడిని ఎవరూ చూడరు. నేను చూసేది వాడినే. రైడర్ కుడికి వాలి ఎడమకు పోతాడని ముందే పసిగట్టి, తొందరపడకుండా, కవర్ వాడు కదిలేదాకా ఆగి, ఒక్కసారిగా చీలమండ పట్టి నేలకు అదిమే పిల్లవాడు ఊరికి ఒకడు కూడా దొరకడు. వాడికి బలం కన్నా ఓపిక ముఖ్యం. నాలుగు కూతలు వదిలేసి ఐదోది పట్టాలి. వదిలేసిన నాలుగుసార్లూ బయట నుంచి తిట్లు పడతాయి. ముగ్గురే మిగిలినప్పుడు పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింట్ అదనం. అక్కడ గుండె దడ లేకుండా నిలబడ్డవాడిని ఏ కోచ్ అయినా రెండోసారి చూస్తాడు.

ఇది నా ముచ్చట మాత్రమే కాదు, డబ్బు కూడా అదే చెబుతోంది. ఈ లీగ్‌లో మొదటిసారి కోటి రూపాయలు పలికినవాడు రైడర్ కాదు, ఎడమ కార్నర్‌లో ఆడే ఇరాన్ దేశస్థుడు ఫజల్ అత్రాచలి. 2018లో యూ ముంబా కొనుక్కుంది. కుస్తీ నుంచి వచ్చిన మనిషి, కాలు చేతికి దొరికితే ఏం చేయాలో తెలుసు. ఆ ఏడాదే జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 27-18తో ఓడాం. చెడుగుడు మనది అని చెప్పుకునే మనం ఆ రోజు పట్టు మర్చిపోయాం. 2023లో హాంగ్‌ఝౌలో స్వర్ణం తిరిగి తెచ్చుకున్నాం గానీ, ఇరాన్ కుర్రాడు షాద్లూయి ధర వేలంలో ఏటా రెండు కోట్లకు తగ్గడం లేదు.

తెలుగు టైటాన్స్ ఉంది కదా, మనవాళ్లకు చోటివ్వరా అని కూడా అడుగుతారు. పేరు మనది, ఆటగాళ్లు ఎక్కువమంది హర్యానా వైపు వాళ్లు. ఆమధ్య వరుసగా మూడు సీజన్లు అట్టడుగున నిలిచిన జట్టు భాష చూసి ఎంచుకోదు. 2023లో పవన్ సెహ్రావత్‌కు రెండు కోట్ల అరవై లక్షలు పెట్టింది. ఆ పవన్ కూడా 2017లో గుజరాత్ జట్టులో ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. మరుసటి సీజన్లో బెంగళూరుకు తిరిగొచ్చి జట్టును చాంపియన్ చేశాడు. లోపలికి పోవడమే గెలుపనుకునే పిల్లలకు ఈ బెంచీ సంగతి చెప్పాలి.

ఆడపిల్లల తండ్రులు అడిగినప్పుడే నాకు నోరు రాదు. 2016లో మూడు జట్లతో ఒక్కసారి పెట్టిన మహిళల పోటీని ప్రో కబడ్డీ లీగ్ మళ్లీ పెట్టలేదు. హాంగ్‌ఝౌలో అమ్మాయిలూ బంగారమే తెచ్చారు మరి.

కాబట్టి నా జవాబు ఇది. టీవీదాకా పోయేవాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి పదేళ్లకు ఒకడు వస్తే గొప్పే. స్పోర్ట్స్ కోటాలో రైల్వేకో పోలీసుకో పోగలిగేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఆ ఉద్యోగానికి డిగ్రీ అడుగుతారు, ఇంటర్ అడుగుతారు. పరీక్ష ఫీజు కట్టే వారంలో టోర్నమెంటు ఉంటే ఫీజు కట్టి రమ్మనండి. పుట్టినతేదీ దిద్దకండి. దిద్దిన కాగితం ఏదో ఒక సెలక్షన్లో బయటపడుతుంది.

టోర్నమెంట్లు పెట్టే యూత్ సంఘాల వాళ్లకూ ఒక మనవి. బెస్ట్ రైడర్‌కు ఇచ్చే కప్పు ఎంతో అంతే ఖరీదైన కప్పు ఒకటి బెస్ట్ డిఫెండర్‌కూ కొనండి, వాడి పేరు కూడా మైకులో చెప్పించండి. ఎంట్రీ ఫీజుల డబ్బులోంచి ఒక తూకం మిషన్ కొని ఊళ్లోనే ఉంచండి.