గట్టిమేళానికి గంట రేటు ఉందా?

పెళ్లిళ్ల సీజన్ మొదలవగానే డీజేనైన నాకు ఫోన్లో వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "తమ్మీ, గంటకెంత తీసుకుంటవ్?" ఫంక్షన్ ఆరుబయటో హాల్లోనో చెప్పరు, వచ్చేది వందమందో వెయ్యిమందో చెప్పరు. నాలుగు గంటల సంగీత్‌కు నలభై వేలు అంటాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. "అంటే గంటకు పదివేలా? మా బామ్మర్ది ఊళ్లె పిల్లగాడు గంటకు నాలుగు వేలకే కొడుతుండు గదా!"

భాగహారం సరిగానే ఉంది. నాలుగుతో భాగించడంలోనే చిక్కంతా ఉంది.

ఆ సంగీత్ నాకు రెండు వారాల ముందే మొదలవుతుంది. పెళ్లికూతురి చుట్టాల పిల్లలు వాట్సాప్‌లో యూట్యూబ్ లింకులు పంపుతారు. ఈ పాటలో పల్లవి వరకే, ఆ పాటలో రెండో చరణం, చివర్లో ఫలానా బీట్. బాబాయిలకు ఒక మిక్స్, మేనత్తలకు ఒకటి, పెళ్లికొడుకు దోస్తులకు ఇంకొకటి. యూట్యూబ్ నుంచి దింపిన పాట ఫోన్లో బాగానే ఉంటుంది గానీ పెద్ద బాక్సుల మీద పలచబడిపోతుంది, కాబట్టి ప్రతి పాటకూ మంచి ఫైల్ సంపాదించాలి. కోసి అతికించిన చోట దరువు తెగకూడదు. రిహార్సల్లో స్టెప్పు మారిందంటూ ముందురోజు రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తుంది, మళ్లీ కోత మొదలు. ఫంక్షన్ రోజు మధ్యాహ్నం నుంచే టాటా ఏస్‌లో సామాను ఎక్కించడం, ప్రయాణం, సెట్టింగ్, సౌండ్ చెక్. అయిపోయాక వైర్లన్నీ చుట్టి, మళ్లీ ఎక్కించి, తెల్లవారుజామున గోదాములో దింపాలి. నాతోపాటు ఇద్దరు కుర్రాళ్లు ఉంటారు. ఆ నాలుగు గంటల వెనక ఇరవై గంటలకు తక్కువ పని ఉండదు.

అయినా నా కష్టం చూసి డబ్బివ్వమని నేనెవరినీ అడగను. పెళ్లివారికి దానితో పనిలేదు. వాళ్లింటి శుభకార్యం ఏ లోటూ లేకుండా జరిగిపోవాలి, అంతే. కాబట్టి వాళ్ల వైపు నుంచే మాట్లాడతాను.

మన పెళ్లిళ్లలో సన్నాయి మేళాన్ని గంటల లెక్కన కుదుర్చుకున్నవాళ్లను నేను చూడలేదు. పెళ్లి మొత్తానికి ఇంత అని మాట, తాంబూలంలో బయానా. గట్టిమేళం మోగేది కాసేపే. జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు, మంగళసూత్రం కట్టేటప్పుడు పురోహితుడు చెయ్యెత్తగానే డోలు ఒక్కసారిగా ఎత్తుకోవాలి. ఆ కాసేపటి కోసం డోలు కళాకారుడు అంతసేపూ ఆ చేతి మీదే కన్నేసి కూర్చుంటాడు. ముహూర్తం వేళకు డోలు అందుకోలేదంటే, తర్వాత తెల్లారేదాకా వాయించినా ఆ లోటు తీరదు. డీజే పని అచ్చం ఇదే.

పెళ్లికూతురు హాలు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగుతుంది. లైట్లు తగ్గించాలి, కోల్డ్ ఫైర్ మెరుపులు వదిలే కుర్రాడికి సైగ చెయ్యాలి, పాట ఆమె మొదటి అడుగుకు అందాలి. ఈలోగా చీర కుచ్చిళ్లు జారాయి. పిన్ని వంగి సర్దుతోంది. పాట అప్పటికే మొదలైంది. ఇప్పుడు పల్లవికి ముందున్న ఆ నాలుగు మాత్రల వాయిద్యాన్ని తిప్పి తిప్పి అక్కడే నిలబెట్టాలి, హాల్లో ఒక్కరికీ అనుమానం రాకుండా. పిన్ని పక్కకు తప్పుకుంది, ఫొటోగ్రాఫర్ బొటనవేలు పైకెత్తాడు, అప్పుడు పల్లవిని వదలాలి. ఆ వీడియోను ఆ కుటుంబం ముప్పై ఏళ్లు చూసుకుంటుంది. అందులో నా వాటా అర నిమిషం. గంట రేటు ప్రకారం దానికి వంద రూపాయలు కూడా రావు.

తర్వాత జనాన్ని ఆడించాలి. మా తెలంగాణలో తీన్మార్ పడితే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కూడా లేస్తాడు. కానీ అదే గంటసేపు కొడితే కుర్రాళ్లే మిగులుతారు, ఆడవాళ్లు భోజనాల వైపు వెళ్లిపోతారు. తీన్మార్ నడక వేరు, హిందీ క్లబ్ పాటల నడక వేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఆడేవాళ్ల కాలు తడబడకూడదు. మధ్యలో మేనత్తల ఈడువాళ్ల కోసం చిరంజీవి పాత పాట ఒకటి పడాలి. ఏది ఎప్పుడన్నది ముందే రాసుకుంటే కుదరదు, మనుషులను చూస్తూ తేల్చుకోవాల్సిందే.

గంట రేటుతో నష్టపోయేది నిజానికి పెళ్లివారే. శుభలేఖలో ఏడు గంటలని ఉంటుంది, చుట్టాలు నిండేసరికి ఎనిమిదిన్నర. ఆ గంటన్నర ఖాళీ కుర్చీలకు పాటలు వేసినందుకు కూడా మీరు రేటు కడతారు. గంటల మీద డబ్బు తీసుకునేవాడికి ఆలస్యం లాభం. ఫంక్షన్ మొత్తానికి ఒప్పుకున్నవాడికి మాత్రం వేళకు మొదలుపెట్టించాలని ఆత్రం ఉంటుంది. అదీగాక, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. గార్డెన్లో సంగీత్ పెట్టుకుంటే పది దాటాక "ఇంకో గంట కొట్టు, రేటు ఇస్తా" అన్నా నేను కొట్టను. కాబట్టి ఉన్న గంటన్నరలోనే ఆరు కుటుంబాల డాన్సులూ, వధూవరుల పాటా, అందరూ కలిసి ఆడే చివరి ఘట్టమూ కుదించి నడిపించాలి. తక్కువ సమయంలో ఎక్కువ జరిపించగలవాడికి గంట లెక్కన తక్కువ డబ్బు వస్తుంది. ఇదెక్కడి న్యాయం?

రేటు తర్వాత వచ్చే ప్రశ్న "ఎన్ని వాట్లు?" దీని గురించి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. ఆరుబయట దూరం రెట్టింపైతే మాత్రం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే ముందు వరుసలో తాతయ్య చెవులు మూసుకుంటుంటే వెనక వరుసకు మాట కూడా సరిగా అందదు. దీనికి మందు పెద్ద బాక్సులు కాదు, తోట మధ్యలో ఇంకో జత చిన్న స్పీకర్లు. అక్కడా ఒక పని ఉంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. వేదిక నుంచి 17 మీటర్ల దూరంలో పెట్టిన స్పీకర్‌ను సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా పలికించాలి. లేకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపించి అన్నీ కలగాపులగం అవుతాయి. ఇది సరిచూసుకోవడానికి ఫంక్షన్‌కు ముందు ఖాళీ తోటలో మూల మూలకూ తిరిగే మనిషి కావాలి. శబ్దాన్ని కిలోల లెక్కన అమ్మడం వల్లే డీజే అంటే గుండెలు అదిరే మోత అన్న పేరు వచ్చింది. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారంటే ఆ మాట ఊరికే పడలేదు.

ఇక కరెంటు. ఊళ్లలో ఫంక్షన్లకు స్తంభం నుంచి లాగిన వైరులో న్యూట్రల్ వదులైతే, 230 వోల్టులు ఉండాల్సిన చోట మూడొందలు దాటి వస్తుంది. యాంప్లిఫయర్లు వరసగా కాలిపోతాయి. మా కుర్రాడు మీటరు పెట్టి చూసి సరే అనేదాకా నేను ఒక్క ప్లగ్గు కూడా పెట్టనివ్వను. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకు మిక్సర్ ఆరిపోకుండా యూపీఎస్ ఉంటుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తే అవే పాటలతో పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటుంది. అవసరం పడనంతకాలం ఇవేవీ మీ కంటికి కనిపించవు, నా రేటులో మాత్రం ఉంటాయి.

మనది ముహూర్తాల దేశం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు, మూఢం వస్తే మంచి నెలల్లోనూ లేవు. గోదాము అద్దె, బండి కిస్తీ, కుర్రాళ్ల జీతం మాత్రం మూఢానికి ఆగవు. మంచి ముహూర్తం ఉన్న రోజు ఊరంతా పెళ్లిళ్లే. ఆ రోజు మీకు మాటిచ్చానంటే మిగతావాళ్లందరికీ లేదని చెప్పినట్టే.

గంటకు నాలుగు వేలకు వచ్చే కుర్రాడు మోసగాడు కాదు. ఇంటిముందు యాభై మందితో పుట్టినరోజుకు అతనే సరైనవాడు. అలాంటి ఫోన్లు వస్తే నేనే అతని నంబరిస్తాను. ఐదొందల మంది వచ్చే సంగీత్‌కు ఆ రెండు బాక్సులతో, రెండో మనిషి లేకుండా వెళితే అతనికీ మాట పడుతుంది, మీ ఫంక్షనూ పాడవుతుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. గంట రేటు చెప్పకండి. ముందు ఫంక్షన్ గురించి అడగండి, ఆ తర్వాత ఏమేం తెస్తారో, ఎవరెవరు వస్తారో, ఎన్ని మిక్సులు చేస్తారో కాగితం మీద పెట్టి మొత్తం రాసివ్వండి. అందులో లేనిపోని పద్దులు వద్దు. పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికి సంబంధించిన వేడుకలనూ 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పాటల లైసెన్సు నుంచి మినహాయించింది. 2023 జులైలో కేంద్రం దాన్ని మళ్లీ గుర్తుచేసింది కూడా. పెళ్లివారి దగ్గర పాటల లైసెన్సు పేరుతో డబ్బు గుంజడం తప్పు. న్యూ ఇయర్ పార్టీ సంగతి వేరు, అక్కడ లైసెన్సు ఖర్చు నిజమైనదే.

పెళ్లివారికి నా విన్నపం. మీ దగ్గర పాతిక వేలే ఉంటే మొహమాటపడకుండా పాతిక వేలనే చెప్పండి. పొగ మిషన్ తీసేద్దాం, కదిలే లైట్లు తగ్గిద్దాం, ఎల్ఈడీ తెర వద్దనుకుందాం. రెండో మనిషినీ యూపీఎస్‌నూ మాత్రం తీసేయమనకండి. ఇద్దరు ముగ్గురు డీజేలతో మాట్లాడండి, ఏమేం ఇస్తారో రాసిమ్మని అందరినీ అడగండి, ఆ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. రాసివ్వడానికి ఒప్పుకోనివాడు గంటకు ఎంత తక్కువ చెప్పినా బయానా ఇవ్వకండి.