స్వభావోక్తియు ఛాయాచిత్రమును

దండి స్వభావోక్తి నలంకారములలో మొదటిదిగాఁ జెప్పి, దానికే జాతి యని నామాంతర మొసఁగెను. కుంతకుఁ డంగీకరింపఁడు. వస్తుస్వభావ మలంకరింపఁబడు శరీరమే కాని యలంకారము కానేరదని యతని యాక్షేపము. ఈ యాక్షేపము కావ్యమునకంటె ఛాయాచిత్రమునకు గట్టిగాఁ దగులును. కవికి వాక్కు కలదు. యంత్రమునకు ఎదుట నున్నదే గతి. ఎలియట్ పోర్టరు (1901–1990) చిత్రములు విచారార్హము లగుట యిందుచేతనే.

ఇతఁ డమెరికా దేశీయుఁడు, వైద్యవిద్య నభ్యసించినవాఁడు. హార్వర్డులోని బోధకవృత్తిని 1939లో వీడి ఛాయాగ్రహణమును జేపట్టెను. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున 1979లో నితని రంగుల చిత్రములు 55 ప్రదర్శింపఁబడినవి. ఆ ప్రదర్శనమునకుఁ బేరు 'ఇంటిమేట్ ల్యాండ్‌స్కేప్స్'. ఆన్సెల్ ఆడమ్సు చిత్రములలోని మహాశిఖరము లిందు వెదకరాదు. ఱాతిమీఁది పాచి, చెట్టుమొదలు, వాగునీటఁ బడిన యాకులు, ఇవియే యితని ప్రపంచము.

పదార్థ మాకృతి యని వాజప్యాయనుఁడును, ద్రవ్య మని వ్యాడియుఁ దలంచిరి. యంత్రము వ్యాడిపక్షముననే నిలుచును. అది గ్రహించునది యీ యాకునే కాని యాకుదనమును గాదు. కవి 'ఆకు' అన్నంతనే సామాన్యరూపము తోఁచును. దానిని విశేషమునకుఁ దెచ్చుటకుఁ గవి శ్రమింపవలెను. ఛాయాగ్రాహకునికి విశేష మయత్నసిద్ధము. అయినచో బాటసారి తీసిన చిత్రమునుఁ గావ్యమే కావలదా? కాదు. వస్తువునకు సామాన్యవిశిష్టరూపములు రెండనియు, విశిష్టము ప్రతిభకే గోచరమనియు మహిమభట్టు చేసిన సమాధాన మిచటఁ జెల్లును. వ్యక్తి వేఱు, విశిష్టము వేఱు. 1953 అక్టోబరున న్యూహాంప్‌షైరులోఁ దీసిన మడుగు చిత్రమున దిగంతము చొరలేదు. అలలపై రంగులును, తేలు నాకులును మాత్రమే కలవు. ఆ విడిచిపుచ్చుటయే ప్రతిభ. మఱియు నితఁడు మబ్బుపట్టిన వెలుఁగును గోరెడువాఁడు. మూఁడు రంగులను వేర్వేఱుగఁ గాగితమున కెక్కించు 'డై ట్రాన్స్‌ఫర్' పద్ధతిలో వన్నెల హెచ్చుతగ్గులను స్వయముగా దిద్దుకొనెను. యంత్రము చూచినదియే యచ్చుపడె ననుట సరిగాదు.

దోషమును గలదు. దట్టమైన పొదల చిత్రములు కొన్నింట నన్ని యంగములును సమానబలములు. విశేష్య మెయ్యదియో తెలియని దీర్ఘసమాసమువలెఁ గన్ను తిరుగాడును. 1962లో సియెర్రా క్లబ్బు ప్రకటించిన గ్రంథమున థోరో వాక్యములు చిత్రముల ప్రక్క నుంచఁబడినవి. ఆ వాక్యము లన్వయము కల్పించును గాని, యా యన్వయము చిత్రకారునిది గాదు. మడుగు చిత్రమున కట్టి యూఁత యక్కఱలేదు. అందు ఆకులు కర్తలు, నీ రధికరణము.