తాటిమట్ట బ్యాటు

బాల్యం గురించి తెలుగులో రాసినవాళ్లు చాలామంది ఆటవస్తువుల్ని తీపి గుర్తులుగానే రాశారు. కొండపల్లి బొమ్మలు, సంక్రాంతి బొమ్మల కొలువు, అమ్మమ్మగారింట్లో కొయ్యగుర్రం. చదువుతుంటే ముచ్చటగానే ఉంటది. ఆ బొమ్మ ఎవరి చేతికి అందింది, ఎవరు గుమ్మం బయట నిలబడి చూశారు అన్నది మాత్రం ఆ రాతల్లో కనపడదు. పెద్దయినంక బొమ్మ సంగతి అయిపోయిందనుకుంటారు. బొమ్మ పోయినా దానితో అలవాటైన చెయ్యి మారదు.

కొత్తగూడెంలో మా మాదిగవాడ పిల్లలకు కొన్న బొమ్మ ఒక్కటీ లేదు. తాటికాయలకు పుల్ల గుచ్చి బండి చేసుకునేటోళ్లం. చిర్రగోనె మేమే చెక్కుకునేటోళ్లం. బ్యాటు అంటే తాటిమట్ట. గుడ్డపీలికలు చుట్టి పైన పాత సైకిల్ ట్యూబు ముక్కలు బిగిస్తే బంతి. ఆ బంతితో మేమాడిన ఆట చూడాలె! బాదుడే బాదుడు. పోతే పోయింది, పొద్దుగూకేసరికి ఇంకోటి చుట్టుకుంటం.

క్వార్టర్ల పిల్లల దగ్గర కార్క్ బంతి ఉండేది. వాళ్లు మమ్మల్ని ఆటకు పిలిచేటోళ్లు, పిలవలేదని అబద్ధం చెప్పను. తుమ్మకంపలో పడ్డ బంతిని తెచ్చిచ్చేందుకు పిలిచేటోళ్లు. చీకటి పడేదాకా బ్యాటు మా వంతుకు వచ్చేది కాదు. ఒకసారి నాకు వచ్చింది. గట్టిగ కొట్టిన. బంతి మురికికాలువల పడి కొట్టుకపోయింది. దాని పైసలు మా అమ్మ కూలిడబ్బుల్లోంచి కట్టింది.

పంతులునయినంక టీచర్ల ఆటల పోటీల్లో తోటి సార్లు నన్ను 'గోడ' అంటరు. ఎంత వంకర బంతినైనా ఆపుతనట, మహా ఓపికగలవాణ్నట. అది ఓపిక కాదు సార్లూ, బంతి పోతదన్న బుగులు. అదే చిర్రగోనె చేతికిస్తే నన్నాపేటోడు లేడు.

ఇది నా ఒక్కడి గొడవేననుకున్న, పల్వంకర్ బాలూ గురించి చదివేదాకా. రామచంద్ర గుహ రాసిన భారత క్రికెట్ చరిత్ర 2002లో వచ్చింది. తోలుపని చేసే చాంభార్ కులంలో పుట్టిన బాలూ, సైన్యాధికారులు వాడి పారేసిన సామానుతో ఆట నేర్చుకున్నాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి నేల చదును చేసి, దొరలకు గంటల తరబడి బంతులు వేశాడు. బ్యాటు మాత్రం అతని చేతికివ్వలేదు. 1911లో ఇంగ్లండు వెళ్లిన జట్టులో 100కు పైగా వికెట్లు తీసిందీ అతనే. అయినా పూనాలో హిందువుల జట్టుకు ఆడినప్పుడు పెవిలియన్ బయట మట్టిముంతలో టీ తాగాడు. (1937 ఎన్నికల్లో అంబేద్కర్ మీద నిలబడి ఓడిపోయాడు, అది వేరే చర్చ.) మా తాతలు లందలో తోలు ఊనేటోళ్లు. ఆ తోలుతో బంతి కుడితే అందరూ ముట్టుకుంటారు!

గుహ ఇవేవీ దాచలేదు, అందుకు మెచ్చుకోవాలె. బాలూ కథ చెప్పుకునేటోళ్లతోనే నా పేచీ. ప్రతిభ కులాన్ని గెలిచిందని చెప్పి ఊరుకుంటారు. చేతికి బంతే ఇచ్చారు, బౌలరయ్యాడు. బ్యాటు కూడా ఇచ్చి ఉంటే ఏమయ్యేవాడో ఆ లెక్క ఎవరూ అడగరు.

మొన్న మా బడికి ఆటల సామాను వచ్చింది. సంచి విప్పంగనే పిల్లలంతా బ్యాటు మీద పడ్డరు. కోయగూడెం నుంచి వచ్చే పిలగాడొకడు ఎవరూ చెప్పకుండానే పోయి కంచె దగ్గర నిలబడ్డడు. పిలిచి బ్యాటిచ్చిన. రెండు బంతులు మెల్లగ ఆపిండు.

"కొట్టరా," అన్న.

"పోతే, సార్?" అన్నడు.