శత్రువు అమానవీకరణ - పౌరమరణాల సమర్థన: ‘వార్ వితౌట్ మెర్సీ’ విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: అమానవీకరణ, రూపకం, యుద్ధప్రచారం, పసిఫిక్ యుద్ధం, జాన్ డోవర్.

1. ఉపోద్ఘాతం:
యుద్ధంలో వేలాది పౌరులు మరణించినా సమాజం దానిని ఎలా అంగీకరిస్తుందన్నది చరిత్రతోపాటు భాషకూ సంబంధించిన ప్రశ్న. అమెరికన్ చరిత్రకారుడు జాన్ డోవర్ 1986లో వెలువరించిన ‘వార్ వితౌట్ మెర్సీ’ ఈ ప్రశ్నను అమెరికా, జపాన్‌ల మధ్య జరిగిన పసిఫిక్ యుద్ధం ఆధారంగా చర్చించింది. కార్టూన్లు, సినిమాలు, పాటలు, పత్రికలు, ప్రచారపత్రాలు ఇందులోని ప్రధాన ఆకరాలు. శత్రువుకు పెట్టిన పేరుకూ, పౌరుల మరణానికీ ఉన్న సంబంధాన్ని ఈ గ్రంథం ఎలా నిరూపించిందో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

2. రూపకం - నిర్మూలన:
1939 సెప్టెంబరు 1న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పౌరులపై బాంబులు వేయవద్దని యుద్ధదేశాలను కోరాడు. అటువంటి దాడులను అమానుషమైన అనాగరిక చర్యలుగా ఖండించాడు. 1945 మార్చి 9-10 రాత్రి అమెరికన్ బి-29 విమానాలు టోక్యోలోని చెక్క ఇళ్ళ పేటలపై దహనబాంబులు కురిపించాయి. మృతులు దాదాపు లక్షమంది అని అంచనా.

ఈ మధ్యకాలంలో శత్రువు పేరు మారింది. అమెరికన్ ప్రచారంలో జపనీయులు కోతులు, ఎలుకలు, పురుగులు అయ్యారు. మెరైన్ సైనికుల పత్రిక ‘లెదర్‌నెక్’ అదే మార్చి సంచికలో జపనీయుణ్ణి పేనుగా చిత్రించి, ఆ పీడ పోవాలంటే టోక్యో ప్రాంతంలోని దాని పుట్టుచోటును నాశనం చేయాలని వ్యాఖ్యానించింది. 

ఉపమలో ఉపమేయానికీ ఉపమానానికీ భేదం మిగులుతుంది. రూపకంలో అభేదం సిద్ధిస్తుంది. ‘శత్రువు పేను వంటివాడు’ అన్నప్పుడు మనిషి ఇంకా ఉంటాడు. ‘శత్రువు పేను’ అన్నప్పుడు ఉండడు. పేను పిల్లను విడిచిపెట్టాలని ఎవరూ అనరు. ఈ తర్కం నగరానికి వర్తించినప్పుడు పసిబిడ్డ, వృద్ధురాలు విడిగా కనిపించరు.

3. ఎదుటి పక్షం:
డోవర్ జపాన్ ప్రచారాన్నీ ఇంతే నిశితంగా చదివాడు. అందులో ఆంగ్లో-అమెరికన్లు ‘ఓని’లు, అంటే రాక్షసులు. రాక్షసద్వీపాన్ని జయించిన జానపదవీరుడు మొమొతారో యుద్ధకాలపు యానిమేషన్ చిత్రాలలో నాయకుడయ్యాడు. గ్రంథానికి విశ్వసనీయత కలిగించినది ఈ సమదృష్టి.

4. ఒక ఆక్షేపణ:
1943 జూలైలో హాంబర్గ్, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ కూడా కాలిపోయాయి. జర్మన్లను మాత్రం అమెరికన్ ప్రచారం జాతి మొత్తంగా పురుగులను చేయలేదు. నాజీలను సామాన్య జర్మన్ల నుండి వేరుచేసి చూపింది. కనుక నగరాలను దహించినది రూపకమే అనడం అతివ్యాప్తి అవుతుంది. దాడిని నిర్ణయించినవి యుద్ధవ్యూహం, విమానశక్తి.

అయితే దాడి తరువాతి స్పందనలో భేదముంది. డ్రెస్డెన్‌పై 1945 మార్చిలోనే బ్రిటిష్ పార్లమెంటులో అభ్యంతరం వినిపించింది. టోక్యో విషయంలో అమెరికాలో నిరసన అత్యల్పం. రూపకం బాంబు వేయలేదు. వేసినవారిని అడగవలసిన ప్రశ్నను వినిపించకుండా చేసింది. డోవర్ వాదబలం ఇక్కడే ఉంది.

5. ముగింపు:
1945 సెప్టెంబరులో ‘లెదర్‌నెక్’ ముఖచిత్రంపై జపాన్ సైనికుడు మెరైన్ భుజంపైని పెంపుడు కోతిగా మారాడు. సంహారం ఆగింది, మనిషికి మనిషి రూపం మాత్రం తిరిగి రాలేదు. అమానవీకరణ విధానం మారగానే మాయమయ్యేది కాదని, మరో అవసరం కోసం భాషలో నిలిచి ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది. యుద్ధవార్తలలో మరణాల సంఖ్యతోపాటు మృతులకు వాడిన నామవాచకాలను కూడా పరిశీలించడం సాహిత్యవిమర్శ చేయగల, చేయవలసిన పని.