చతుస్సరిహద్దులు

నూఱేండ్ల నాటి న్యూయార్కులోనో చికాగోలోనో సామాన్యుడొకడు ఎట్టి యింట కాపురముండెనో తెలిసికొనగోరు పరిశోధకునకు శాన్‌బార్న్ కంపెనీవారి పటములు గొప్ప చేయూత. అగ్నిప్రమాదపు బీమా కొఱకు 1867 మొదలుగా తయారైన ఆ పటములలో ఇటుక కట్టడము గులాబిరంగునను, కొయ్యయిల్లు పసుపురంగునను కనబడును. 1890 నాటి అమెరికా జనాభా లెక్కల పత్రములు 1921లో వాషింగ్టనునందు నిప్పు తాకి చాలవఱకు చెడిపోయినను, వ్యాపారమునకై గీసిన ఈ గీతలు నిలిచినవి.

అచ్చట ఆ పటములైతే, మన విజయనగరపు వెనుకటి బ్రదుకును వెదకువారు మొదట తెఱచునది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంపుచెంది వెలువడిన ఆ నాటకమున, బొంకులదిబ్బ మొదలుకొని, ఊరి మాటయు, బేరమును, అప్పును సజీవముగా వినబడుచున్నవి. అయినను నన్ను నిలువరించునది దాని పీఠిక. విజయనగరపు ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లపాటు బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయింపగా అవి 1034 తేలెననియు, వధువులలో 99 మంది ఐదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆర్గురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది పసికూనలనియు గురజాడవారు అందు తెలిపిరి. ఆ ముగ్గురిని తలచినప్పుడెల్ల నా గుండె పట్టివేయును. వారు ఏ యింటి బిడ్డలో, వారికై చెల్లిన రూకలు ఏ ఋణమును తీర్చెనో అంకెలు పలుకవు.

అట్టి యిండ్ల గడపదాక పోవుటకు నేను నమ్ముకొన్నది పాత విక్రయ దస్తావేజు. అమ్మినవాని తండ్రి పేరు, వృత్తి, నివాసము మొదలుకొని నాలుగు దిక్కుల సరిహద్దులు, నూతిలో వంతు, నడవ హక్కు, సాక్షుల వ్రేలిముద్రలు అన్నియు అందుండును. ఒక పత్రపు తూర్పు హద్దును పొరుగు పత్రపు పడమటి హద్దుతో కూర్చుకొనుచు పోయినచో క్రమముగా వీధి యంతయు లేచి నిలుచును. విధవలు వ్రాసి యిచ్చిన పత్రములు మఱింత విలువైనవి. 1956 నాటి వారసత్వ చట్టమునకు పూర్వము భర్త ఆస్తిపై వారికి పరిమిత హక్కే యుండుటచేత, అమ్మకమునకు తగిన అవసరమును పత్రములోనే చెప్పుకొనవలసి వచ్చెడిది. భర్త చేసిన అప్పో, కూతురి పెండ్లియో, తన తిండికి గడవకపోవుటయో ఆమె పేరిటనే అక్షరబద్ధమయ్యెడిది. లేఖకుని వాడుకపదముల చాటున గూడ ఆ యిల్లాలి అగచాట్లు దాగవు.

శ్రీకాకుళమందైనను, విజయనగరమందైనను, పొలమో ఇల్లో చేతులు మాఱినదని పాత దస్తావేజుల పెట్టెను చిత్తు కాగితములవానికి తూచి యిచ్చువారిని నేను వేడుకొనునది ఒక్కటియే: ముందు ఆ పత్రములకు నకళ్లు తీయింపుడు. తీయించునప్పుడు వెనుకవైపును విడువకుడు. స్టాంపు వెండరు వ్రాసిన తేదీయు, కాగితము కొన్నవాని పేరును అచ్చటనే యుండును.