కృతిభర్త నీడలో ముఖం: రాజా దీన్‌దయాళ్ వ్యక్తిచిత్రాలు – ఒక పరిశీలన

నిజాం రాష్ట్ర చరిత్ర గ్రంథాల్లో రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఛాయాచిత్రాలు సాక్ష్యాలుగా తరచుగా కనిపిస్తాయి. అవి ఎవరి కోరికపై తీసినవి, ఎవరిని ఏ విధంగా నిలిపాయి అన్న ప్రశ్న అంత తరచుగా రాదు. కావ్యపఠనంలో కృతిభర్తను గమనించే విమర్శ పద్ధతి ఈ చిత్రాలకూ అవసరమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మీరట్ సమీపంలోని సర్ధనలో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేశాడు. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. అతని ఆస్థాన చిత్రాల్లో దుస్తులు, ఆభరణాలు, ఆసనం, వెనుక తెర కలిసి ప్రబంధావతారికలోని కృతిపతి వర్ణన చేసే పనినే చేస్తాయి. వ్యక్తికన్న ముందు హోదా కనిపిస్తుంది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రారంభించిన జెనానా స్టూడియోను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించింది. తమ ఇంటి స్త్రీల చిత్రాన్ని ఎవరు తీయాలో నిర్ణయించుకునే అవకాశం ఆ కుటుంబాలకు ఉండేదని ఈ ఏర్పాటు తెలుపుతుంది.

ఆ అవకాశం లేనివారి స్థితి వేరు. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండలో తీసిన ప్రసిద్ధ చిత్రంలో కర్జన్ దంపతులూ, వేటలో చంపిన పులీ ప్రధానంగా కనిపిస్తారు. ఊరి పేరు శీర్షికలో నిలిచింది; ఊరివారి పేర్లు నిలవలేదు. 1899–1900 కరువు కాలపు సహాయక చర్యల చిత్రాల్లో బక్కచిక్కిన ముఖాలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ అక్కడ కృతిభర్త ప్రభుత్వం. ఆ ముఖాలు దాని దాతృత్వానికి నిదర్శనాలు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ అదే రాష్ట్రంలో, గోదావరి తీరాన ధర్మపురిలో లభిస్తుంది. నృసింహ శతకకర్త శేషప్ప రాజును ఆశ్రయించక, దైవాన్నే సంబోధించాడు. తన దైన్యాన్ని తానే చెప్పుకున్నాడు. ఊరి పేరును మకుటంలో నిలిపాడు. పాఠకుడు అతన్ని ముఖంతో గాక మాటతో గుర్తిస్తాడు. కరువు చిత్రాల్లోని వారికి ముఖం దక్కింది, మాట దక్కలేదు.

ఈ లోపాన్ని దీన్‌దయాళ్ ఒక్కడికే ఆపాదించడం సమంజసం కాదు. ఆస్థానకవి వలెనే అతడూ పోషకుల అవసరాల పరిధిలో పనిచేశాడు. ఆ పరిధిలోనే కరువు బాధితుల ముఖాలను చెరిగిపోకుండా నిలపడం అతని కళాసిద్ధి. అతని స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటిలోని ఏ చిత్రాన్ని గ్రంథంలో చేర్చినా, దాని పోషకుడెవరో, అందులో పేరు లేనివారెవరో పేర్కొనడం పరిశోధకుల బాధ్యత. అప్పుడే అది అలంకారంగా మిగలక ఆధారమవుతుంది.