రాసే పుస్తకం, చూసే పుస్తకం

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక డబ్బా. మదనపల్లెలో ఉండే మా అన్న మనవరాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. విప్పి చూస్తే ఎండుటాకులు, తుప్పుపట్టిన తాళంచెవి, ఎవరిదో పాత బస్సు టికెట్టు, నాలుగు గుండీలు. వీటన్నిటితో ‘ఆర్ట్ బుక్’ చేసుకోవాలట. దొరికిన వస్తువులతో చేసే పుస్తకమన్నాక అవి దొరకాలి గదా! డబ్బిచ్చి చెత్త కొనడమేంది?

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చాదస్తాలు తెలుసు. సీసా జిగురు పుస్తకానికి శత్రువు. వాడుకోని పుస్తకం పుస్తకమే కాదు. మూడోది కడితం. దాని సంగతి ఇంతకుముందు విన్నవాళ్లు మరోసారి ఓపిక పట్టండి.

కాగితం అందరికీ అందని రోజుల్లో కరణాలు, వ్యాపారులు తాటాకు కవిలెలతో పాటు కడితాల్లోనూ లెక్కలు రాసేవాళ్లు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అందులో మెత్తటి బొగ్గుపొడి కలిపి నూలుబట్టకు పట్టించాలి. ఆరాక మళ్లీ పూత. బట్ట అట్టలా బిగిశాక చీర కుచ్చిళ్లలా ముందుకీ వెనక్కీ మడిస్తే నల్లటి పుటల పుస్తకం తయారు. బలపంతో రాయడం, అక్కర తీరాక తుడిచేయడం, నలుపు వెలిస్తే మళ్లీ పూయడం. గుడ్డ, గింజ, బొగ్గు, అన్నీ ఇంట్లో మిగిలేవే.

పుంగనూరు నుంచి తెచ్చిన గింజలతో నేనూ చేశాను. జిగురు పలచనైతే బలపం గీత నిలవదు. మరీ చిక్కనైతే మడతల దగ్గర పెళ్లలు రాలతాయి. చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు దగ్గరికి రాదు. చెన్నైలో తారా బుక్స్ వాళ్లు 2006లో ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ తెచ్చారు. చేతితో చేసిన నల్లటి కాగితం మీద గోండు చిత్రకారుల చెట్లను స్క్రీన్ ప్రింటింగ్‌తో అచ్చువేసిన పుస్తకం. దాన్ని చూసినప్పుడు నాకు మొదట తోచింది కడితమే.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల డబ్బా మూసేసి, నీరుగట్టువారిపల్లెకు పోయి పట్టుచీరలు నేసే ఇంట్లో మూలన పడి ఉన్న జకార్డు అట్టలు అడిగి తెచ్చుకుంది. చీర డిజైనును మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలవి. అట్టకు చిల్లున్న చోట పడుగు పోగు లేస్తుంది, లేని చోట లేవదు. పేక ఒకసారి దూరడానికి ఒక అట్ట. అట్టలన్నీ వరుసలో దారంతో కుట్టి ఉంటాయి గనక సగం పుస్తకం అప్పటికే అయిపోయినట్టే. వాటి మధ్య కుప్పం చుట్టాల ఇంటి నుంచి తెచ్చిన పట్టుగూళ్లు పెట్టింది. లోపలి పట్టుచిలుక తొలుచుకుని పోయిన గూళ్లవి. పోగు తెగిపోయింది కాబట్టి రీలింగుకు పనికిరావు.

“ఇందులో ఎక్కడ రాస్తావమ్మా?” అన్నాను.

“రాసుకునేదానికి కాదు తాతా, చూసేదానికి.”

నా రెండో చాదస్తం నోటిదాకా వచ్చింది. పుస్తకాన్ని వాడకమే బతికిస్తుందని ఎన్నేళ్లుగానో ఇక్కడే రాస్తున్నాను. మరి కడితాలన్నీ ఏమైనట్టు? తుడిచి తుడిచి, పూసి పూసి, చినిగేదాకా వాడేశారు. ఏ ఊరి లెక్కలు ఆ ఊళ్లోనే చెరిగిపోయాయి. శృంగేరి మఠంలో కడితాలు మిగిలాయంటే, వాటిని ఎవరో తుడవకుండా కట్టగట్టి దాచబట్టే. కడితం పనితనమే దాన్ని తినేసింది.

జకార్డు అట్టలదీ అదే దారి. డిజైను పాతబడితే అవి పొయ్యిలోకి పోతాయి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి, అట్టల అవసరమే తగ్గిపోతోంది. ఎన్నడో నేసి, ఎవరో కట్టుకుని చించేసిన చీర అంచు ఆ పిల్ల పుస్తకంలో చిల్లు చిల్లుగా ఉంది. మళ్లీ మగ్గానికి ఎక్కిస్తే మళ్లీ నేయొచ్చు. ఏ పనికీ రాని పుస్తకమని నేననుకున్నదాంట్లో, నా కడితాల్లో మిగలని సమాచారం భద్రంగా ఉంది.

మీ అటక మీద అట్టల కట్టలుంటే పొయ్యిలో పెట్టకండి. ముందు వరుస చెడకుండా తెగిన చోటల్లా దారం వేయండి. వాటితో ఏం చేయాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు.